కృప ఎడమ కన్ను

2023లో సింగపూర్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో, పిల్లల కంటి విభాగంలో నేను ఆర్థాప్టిస్ట్‌ని. ఇప్పటికీ అదే విభాగం, అదే కుర్చీ. ఆర్థాప్టిస్ట్ అంటే కంటి డాక్టరు కాదు, కళ్లద్దాలు అమ్మేవారూ కాదు. ఏ కన్ను ఎంత చూస్తోంది, రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయా, మెదడు ఏ కంటి మాట వింటోంది అన్నది కనిపెట్టి డాక్టరుకు చెప్పడం, ఆ తరువాత వెనకబడిన కంటికి చూపు అలవాటు చేయించడం మా పని. మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్దవాళ్లు నన్ను "కళ్ల నర్సమ్మ" అంటారు. దిద్దడం ఎప్పుడో మానేశాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాటలు రాని పసివాళ్లే. అక్షరాలు చదవలేని బిడ్డ చూపు ఎలా కొలుస్తారని చాలామంది అడుగుతారు. మా దగ్గర బూడిదరంగు అట్టలుంటాయి. ఒక్కో అట్ట మీద ఒక పక్కన నలుపు తెలుపు చారలు, రెండో పక్కన ఖాళీ, మధ్యలో చిన్న రంధ్రం. ఏమీ లేని చోటికన్నా ఏదో ఉన్న చోటికి చూడడం పసిబిడ్డ స్వభావం. నేను అట్ట వెనక కూర్చుని ఆ రంధ్రంలోంచి బిడ్డ చూపు ఎటు వెళ్తుందో గమనిస్తాను. అట్ట మార్చినకొద్దీ చారలు సన్నబడతాయి. బిడ్డ ఇక అటు చూడడం మానేసిన చోట ఆ కంటి శక్తి ఎంతో తెలుస్తుంది. దీన్ని ప్రిఫరెన్షియల్ లుకింగ్ అంటారు. గదిలోకి వెళ్లే ముందు నేను ఒక నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాను. మాట్లాడలేని బిడ్డ చెప్పేది నాకు అర్థమయ్యేట్టు చెయ్యమని మాత్రమే అడుగుతాను.

కృప మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు నాలుగో నెల. ఈ కథలో పేర్లు మార్చాను. రాయడానికి ఆ ఇంటివాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. వాళ్లు నాకు కొత్తవాళ్లు కారు. ఆదివారం మధ్యాహ్నం జురాంగ్ ఈస్ట్‌లో అద్దె హాల్లో జరిగే మా తెలుగు ఆరాధనకు పాసిర్ రిస్ నుంచి, అంటే ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకి, రైల్లో వచ్చేవాళ్లు. తల్లి షారోన్ ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తుంది. తండ్రి షిప్‌యార్డులో ఇంజినీరు, షిఫ్టులు. బిడ్డ పుట్టాక వాళ్లు ఆరాధనకు రావడం తగ్గించారు. ఎందుకో ఆ రోజు గదిలో బిడ్డ తల చూశాక తెలిసింది.

పుట్టినప్పుడు మన పుర్రె ఒకే ఎముకగా ఉండదు. ఎముక పలకల మధ్య అతుకులుంటాయి. మెదడు పెరిగేకొద్దీ ఆ అతుకుల దగ్గర ఎముక చోటిస్తూ పోతుంది. ఏదైనా ఒక అతుకు తొందరపడి మూసుకుపోతే తల అటువైపు పెరగలేక మిగతా వైపులకి లాగుతూ పెరుగుతుంది. వైద్యంలో దీన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. కృపకు కుడి నుదుటి మీది అతుకు మూసుకుపోయింది. కుడి నుదురు చదునుగా ఉంది. కుడి కంటి గూడు పైకి లాగినట్టుండి, ఆ కన్ను పెద్దదిగా, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేది. కొన్నిసార్లు పైకి జారేది కూడా. ఎడమ కన్ను మాత్రం ఆకు మీద మంచుచుక్కలా తళతళలాడుతూ ఎంతో ముద్దుగా ఉండేది.

"అక్కా, నిజం చెప్పండి," అంది షారోన్, బిడ్డని గుండెకి అదుముకుని. "మా అత్తయ్యగారు నర్సాపురం నుంచి వీడియో కాల్లో రోజూ చెప్పేవారు, స్నానం చేయించేటప్పుడు నూనె పెట్టి తల ఒత్తమ్మా, గుండ్రంగా వస్తుందీ అని. నాకు భయమేసి గట్టిగా ఒత్తలేదు. అందుకేనా ఇలా అయింది?"

మన ఇళ్లలో పుట్టిన ప్రతి బిడ్డ తలా ఏదో ఒక పెద్దామె కాళ్ల మీద వేణ్ణీళ్లతో, నూనె చేతులతో గుండ్రపడిందని మనం నమ్ముతాం. కాబట్టి గుండ్రంగా లేని తల చూసినప్పుడు మన కళ్లు ఆ చేతుల కోసం వెతుకుతాయి. "కాదమ్మా," అన్నాను. "ఈ అతుకు నువ్వు బిడ్డని ఎత్తుకోకముందే మూసుకుపోవడం మొదలుపెట్టింది. ఏ చేయి ఒత్తినా తెరుచుకోదు. ఏ చేయి ఒత్తకపోయినందుకూ మూసుకోలేదు."

ఆమె చాలాసేపు ఏడ్చింది. మా నర్సు సల్మా టిష్యూ పెట్టె ఆమె ఒళ్లో పెట్టి, "క్రై ఫస్ట్ లా, సిస్టర్. బేబీ కెన్ వెయిట్," అని తలుపు దగ్గరగా వేసింది.

తల సంగతి సర్జన్లు చూసుకుంటారు. కన్ను సంగతి మాది. చూపు పుట్టుకతో పూర్తిగా వచ్చేది కాదు. కన్ను బొమ్మను పంపిస్తుంది, మెదడు దాన్ని చదవడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకునే కాలం పసితనమే. ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, రెండో దాని నుంచి మసక బొమ్మ వస్తుంటే, మెదడు స్పష్టమైనదాన్నే చదువుతూ రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. అలా పక్కన పెట్టిన కంటిని ఆంబ్లియోపియా ఉన్న కన్ను అంటాం. చిన్నప్పుడే సరిచేస్తే మెదడు మళ్లీ ఆ కంటి మాట వింటుంది. ఆలస్యమైతే, ఆ తరువాత ఎంత మంచి కళ్లద్దాలు పెట్టినా ఫలితం తక్కువ.

డాక్టరుగారు కంట్లో చుక్కల మందు వేసి పరీక్ష చేశారు. నేను అట్టలతో చూశాను. ఇద్దరి పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. వంకరగా కనిపించే కుడి కన్ను బాగానే చూస్తోంది. వెనకబడింది ముద్దుగా ఉన్న ఎడమ కన్ను.

ఈ జబ్బులో ఇది అరుదేమీ కాదు. మూసుకుపోయిన అతుకు ఒకవైపు ఉంటే, దానికి పరిహారంగా రెండోవైపు ఎముకలు ఎక్కువగా పెరుగుతాయి. ఆ ఒత్తిడికి ఎదుటివైపు కంటి ముందుపొర బంతిలా కాకుండా కోడిగుడ్డులా వంగుతుంది. దాన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. అందువల్ల బొమ్మ మసకబారుతుంది. బయటివాళ్లకి మాత్రం ఆ కన్ను చక్కగానే కనిపిస్తుంది.

"కళ్లద్దాలు పెడదాం. ఆపరేషన్ అయి గాయం మానాక, రోజూ కొంతసేపు కుడి కంటికి ప్యాచ్ వెయ్యాలి," అన్నాను. ప్యాచ్ అంటే కంటి మీద అంటించే మెత్తటి పట్టీ.

షారోన్ నా వైపు అనుమానంగా చూసింది. "కుడి కంటికా? అక్కా, రైటూ లెఫ్టూ మీరు కన్ఫ్యూజ్ అవ్వట్లేదు కదా?"

కాదని చెప్పి, కాగితం మీద బొమ్మ వేసి, బాగా చూసే కంటికి కాస్త సెలవిస్తేనే బద్ధకించిన కన్ను పనిలోకి దిగుతుందని వివరించాను. తండ్రి కూడా వచ్చి విన్నాడు. ఇద్దరికీ అర్థమైంది.

తల ఆపరేషన్ ఆ ఏడాదిలోనే జరిగింది. ఆ పొద్దుట మా సంఘమంతా ఉపవాస ప్రార్థనలో ఉంది. దేవుని దయవల్ల ఏ ఇబ్బందీ రాలేదు. నుదురు ఎంతో కుదిరింది, కుడి కంటి వంకర మాత్రం కొంత మిగిలింది. కళ్లద్దాలు తలచుట్టూ రబ్బరు పట్టీతో వచ్చాయి. ప్యాచ్ మొదలైంది. షారోన్ మళ్లీ ఉద్యోగంలో చేరింది. బిడ్డని చూసుకోవడానికి నర్సాపురం నుంచి అత్తగారు సువార్తమ్మ గారు వచ్చారు. ఆమె భర్త సంఘ కాపరిగా పనిచేసి, ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆమె ఎక్కడ కష్టమున్నా వెళ్లి చేతులుంచి ప్రార్థన చేసే మనిషి. వచ్చిన మొదటి ఆదివారమే మా హాల్లో ఆమె గొంతెత్తి పాడితే కింది అంతస్తు వాళ్లు పైకొచ్చి చూశారు.

కొన్ని నెలల తరువాత చెకప్‌కి కృపను తెచ్చారు. తల్లీ, నాయనమ్మా ఇద్దరూ వచ్చారు. అట్టలు తీశాను. కుడి కన్ను వయసుకు తగ్గట్టు ఉంది. ఎడమ కన్ను మెరుగుపడలేదు. మెరుగుపడకపోవడమే కాదు, పోయినసారి పట్టుకున్న చారల్ని కూడా ఈసారి పట్టుకోలేదు. మరో అట్టతో చూశాను. అదే జవాబు. డాక్టరుగారి మొహంలో కంగారు కనిపించింది. కంటి నరాన్ని కూడా పరీక్షించారు. తల లోపల ఒత్తిడి పెరిగిన గుర్తేమీ లేదు. నరం బాగానే ఉంది, అద్దాల పవరు సరిగ్గానే ఉంది. మరి ఎందుకు?

"ప్యాచ్ మానేశారా?" అని అడిగాను.

"ఒక్కరోజు కూడా మానలేదక్కా!" అంది షారోన్. "రోజూ పొద్దున్న నేనే వేసి ఆఫీసుకి వెళ్తాను. శని, ఆదివారాల్లో నా దగ్గర అయితే ఏడ్చి గోల చేసేస్తుంది. పీకేస్తుంది. అత్తయ్యగారి దగ్గర మాత్రం అస్సలు ఏడవదు. చక్కగా ఆడుకుంటుంది. నన్ను చూస్తేనే దీనికి అలుసు."

ఆ మాట నాకు ముల్లులా తగిలింది. బాగా చూసే కన్ను మూస్తే ప్రపంచం మసకబారుతుంది. మొదట్లో బిడ్డ ఏడవాలి. ఏడవకపోతేనే ఆలోచించాలి. కృప కళ్లద్దాలు నెమ్మదిగా తీశాను. ప్యాచ్ జిగురు తగిలే చోట చర్మం ఎర్రబడుతుంది, కనుబొమ వెంట్రుకలు పలచబడతాయి. కుడి కంటి చుట్టూ కొంచెమే ఎరుపు ఉంది. ఎడమ కనుబొమ మాత్రం చివర దాదాపు నున్నగా అయిపోయింది.

నేను ఏమీ అనకముందే సువార్తమ్మ గారు అన్నారు. "నేనే మార్చానమ్మా."

"ఏం మార్చారు?" అంది షారోన్.

"ఆ పట్టీ. నువ్వు గుమ్మం దాటగానే తీసి ఇటేపు వేసేదాన్ని. నా బంగారుతల్లికి బాగోలేనిదే ఆ వంకర కన్ను. దానికే కదా వెలుతురు కావాలి? దాన్ని మూస్తే ఇంకేం బాగుపడుద్ది? పైగా అటేపు వేస్తే పిల్ల గుక్కపట్టి ఏడిచేది. ఇటేపు వేస్తే కిలకిలా నవ్వేది. పిల్ల నోరు లేకపోయినా చెప్తా ఉంది కదా అనుకున్నాను. ఈ దేశంలో డాక్టర్లు గొప్పోళ్లే గానీ వాళ్లూ మనుషులే, కుడీ ఎడమా తారుమారు చేసుంటారు అనుకున్నాను."

"అత్తయ్యా!" షారోన్ గొంతు గదంతా నిండింది. "ఇన్ని నెలలు! నాకు ఒక్కమాట చెప్పకుండా! అది చూడలేని కన్నే మూసేశారు మీరు! ఓ గాడ్, దాని చూపు పోతే ఎవరు తెచ్చిస్తారు?"

సువార్తమ్మ గారికి తప్పేమిటో ఇంకా అర్థం కాలేదు, కోడలి కోపం మాత్రం అర్థమైంది. ఆ సమయంలో నేను పుస్తకంలోని బొమ్మ చూపించి వివరిస్తే ఆమె తల ఊపేవారు, కానీ లోపల నమ్మకం మారేది కాదు. ఎందుకంటే ఆమె కళ్లారా చూసింది వేరు. ఒకవైపు మూస్తే ఏడుపు, మరోవైపు మూస్తే నవ్వు. ఆమె చూసింది అబద్ధం కాదు. చూసినదానికి చెప్పుకున్న అర్థమే తారుమారైంది.

"షారోన్, నువ్వు కాసేపు ఆగమ్మా," అన్నాను. "అమ్మగారూ, మీరు కృపని ఒళ్లో నా వైపు కాకుండా మీ వైపు తిప్పి కూర్చోబెట్టుకోండి. దానితో ఎప్పుడూ ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి. నేను చెప్పినప్పుడు మీ అరచేత్తో ఒక కన్ను మూయండి. తల కదపకుండా, చేయి ఆనకుండా."

ఆమె కళ్లు తుడుచుకుని, "ఏటే బంగారం, ఎవరే ఈవిడ, నిన్నేం చేస్తుందంట?" అని మొదలుపెట్టారు. కృప నవ్వింది.

"ఎడమ కన్ను మూయండి."

ఆమె చేయి అడ్డం పెట్టారు. కృప నవ్వు ఆగలేదు. నాయనమ్మ ముక్కు పట్టుకోబోయింది. చేయి అడ్డం ఉన్న సంగతే దానికి పట్టలేదు.

"ఇప్పుడు చేయి తీసి, కుడి కన్ను మూయండి."

చేయి మారింది. నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. బిడ్డ తల అటూ ఇటూ తిప్పింది. కళ్లు నాయనమ్మ మొహాన్ని దాటిపోయి, గోడని తడిమి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటిపోయాయి. రెండు చేతులతో ఆ అరచేతిని నెట్టింది. నాయనమ్మ గొంతు వినిపిస్తోంది, మనిషి మాత్రం దొరకడం లేదు. పెదవి విరిచి ఏడుపు అందుకుంది.

సువార్తమ్మ గారు చేయి తీసేశారు. కృప ఆమెను చూసింది, ఏడుపు ఆగింది. ఆమె తనంతట తానే మళ్లీ ఎడమ కంటికి చేయి అడ్డం పెట్టారు. బిడ్డ ఊరుకుంది. చేయి కుడివైపుకు జరపబోయి, మధ్యలోనే ఆపేశారు.

"ఈ వంకర కన్నుతోనే నన్ను చూస్తుందా!" అన్నారు నెమ్మదిగా.

"అవునమ్మగారూ."

"మరి ఈ కన్ను?"

"ఇది ఇంకా మీ మొహం సరిగ్గా చూడలేదు."

ఆమె బిడ్డ నెత్తి మీద మొహం ఆనించి ఏడ్చారు. "నా చేతులారా చీకటి చేశాను కదమ్మా. అంతేనా? ఆ వంకర కన్ను బాగు చెయ్యి తండ్రీ అని శుక్రవారాలు ఉపవాసాలున్నాను. ప్రార్థన కూడా తప్పు కంటికే చేశాను!"

"ప్రభువుకి ఏ కన్నో తెలుసు కదమ్మగారూ," అన్నాను.

ఏడుస్తున్న మనిషి అలాగే ఫక్కున నవ్వారు. షారోన్ నవ్వలేదు. కానీ బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, అత్తగారి చేతిలో పెట్టింది.

డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. సమయం మించిపోలేదు, కానీ పోగొట్టుకోవడానికి ఇక సమయం లేదు. ఎడమ కన్ను ఎంతవరకు తేరుకుంటుందో ఇప్పుడే చెప్పలేం. ప్యాచ్ వేసే సమయం పెంచాలి, తొందరగా మళ్లీ రావాలి. వెళ్లేముందు సువార్తమ్మ గారు నా చేయి పట్టుకుని, ఈ బిడ్డ ఎన్నాళ్లు ఏడవాలని అడిగారు. సువార్తలో ప్రభువు ఒక అంధుణ్ణి ముట్టినప్పుడు మొదట అతనికి అంతా మసకగానే కనిపించింది కదా, ప్రభువు రెండోసారి ముట్టాడు కదా, అని గుర్తుచేశాను. ఆయన తలచుకుంటే మొదటిసారికే అయిపోయేది. అయినా ఆ మనిషిని మసకలో కాసేపు నిలబెట్టాడు, విడిచిపెట్టలేదు. నాకు తెలిసిన జవాబు అదొక్కటే. ఆమెకు ఆ వాక్యం నాకన్నా బాగా తెలుసు. తల ఊపారు.

ఆ తరువాతి నెలలు ఆమెవి. షారోన్ ఫోన్లో చెప్పి నవ్వేది, అప్పుడప్పుడు కంప్లయింటు చేసేది. ప్యాచ్ కుడి కంటికి పడగానే కృప ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చేది. సువార్తమ్మ గారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, చాంగీ విమానాశ్రయంలో దిగబోయే విమానాలు చూపిస్తూ, కంజిర వాయిస్తూ, పాట తరువాత పాట పాడేవారు. పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ ఒకరోజు తలుపు తట్టింది. గొడవకి వచ్చిందేమో అని షారోన్ హడలిపోయింది. ఆమె మెరిసే ఎర్ర కాగితపు గాలిమర ఒకటి తెచ్చి, "దిస్ వన్ షైనీ, బేబీ కెన్ సీ," అని ఇచ్చి వెళ్లింది. ఒకరి భాష ఒకరికి తెలియని ఆ ఆంటీ, సువార్తమ్మ గారూ ఆ తరువాత రోజూ ఫ్లాట్ల కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో పక్కపక్కన కూర్చునేవారట.

ఆదివారం హాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. "అదేంటమ్మగారూ, బాగున్న కన్ను వదిలేసి ఈ కంటికి పట్టీ వేశారు?"

"మీకేం తెలుసయ్యా, కూర్చోండి," అనేవారు ఆమె. "చూసే కన్ను ఇదే. చక్కనిది అనుకునేదే బద్ధకిస్తా ఉంది. ఏడుస్తుందంటే పని చేస్తుందన్నమాట." అలా అంటూనే బిడ్డ వీపు నిమిరేవారు. ఆ ఏడుపు ఆమెకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

మొదటి రెండు చెకప్‌లలో పెద్దగా తేడా లేదు. మూడోసారి కుడి కంటికి ప్యాచ్ ఉండగానే కృప గదిలోకి వచ్చింది. ఏడవడం లేదు. నాకు భయమేసి ముందు ప్యాచ్ ఏ కంటికి ఉందో చూసుకున్నాను. సరైన కంటికే ఉంది. అట్ట ఎత్తి రంధ్రంలోంచి చూశాను. కళ్లద్దాల వెనక ఆ ఎడమ కన్ను కాసేపు తచ్చాడింది. తరువాత మెల్లగా చారల వైపు తిరిగి, అక్కడ ఆగింది. అట్ట తిప్పి చారలు అటువైపుకు మార్చాను. కన్నూ అటు తిరిగింది. ఇంకా సన్నటి చారలు తీశాను. దొరకబుచ్చుకుంది. కుడి కంటికి ఇంకా చాలా వెనకే ఉంది. అయినా దారిలో పడింది.

"అమ్మగారూ, మీరు ముందుకు రండి. మాట్లాడకండి," అన్నాను.

గొంతు వినపడితే బిడ్డ చెవులతో గుర్తుపడుతుంది కదా. సువార్తమ్మ గారు పెదవులు బిగబట్టి, కృప ఎదురుగా వచ్చి వంగారు. మాట్లాడకుండా ఉండడం ఆమెకు ఎంత కష్టమో షారోన్ మొహం చూస్తే తెలుస్తోంది. ఎడమ కన్ను ఆమె కొంగు అంచు మీద ఆగింది. అక్కడి నుంచి పైకి పాకింది, మెడ, గడ్డం, నోరు. కళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కృప నవ్వింది.

"ఇన్నాళ్లూ ఒక కంటికే నాయనమ్మని," అన్నారు ఆమె కన్నీళ్లలోంచి. "ఇవాళ రెండోదానికి కూడా అయ్యాను."

షారోన్ ఆమె భుజం చుట్టూ చేయి వేసింది. "నవ్వింది చూశారా అత్తయ్యా? నన్ను చూసి ఇంకా నవ్వలేదు ఆ కన్ను. మళ్లీ మీకే ఫస్ట్."

కృప ఇప్పటికీ మా దగ్గరికి వస్తుంది. ఎడమ కన్ను కుడిదాన్ని పూర్తిగా అందుకోలేదు, అందుకుంటుందో లేదో తెలియదు. కానీ అది మెదడు పక్కన పెట్టేసిన కన్ను కాదు.

ఆ కేసు తరువాత నేను రెండు పనులు మార్చుకున్నాను. ప్యాచ్ ఇచ్చేముందు, పగటిపూట బిడ్డ ఎవరి ఒడిలో ఉంటుందని అడుగుతాను. ఆ మనిషి వచ్చేదాకా ఆగుతాను. వచ్చాక నేను చెప్పను. వాళ్ల అరచేత్తోనే ముందు ఒక కన్ను, తరువాత ఇంకో కన్ను మూయిస్తాను. మిగతాది బిడ్డే చెబుతుంది. మనం బాగుచెయ్యాలని చూసేది చాలాసార్లు మన కంటికి వంకరగా కనిపించినదాన్ని. నిజంగా చీకట్లో ఉన్నది ఎంతో చక్కగా, ఏ ఫిర్యాదూ లేకుండా, మన ఎదురుగానే ఉంటుంది. అందుకే ప్రార్థనలో ఇప్పుడు ఒక మాట ఎక్కువ అడుగుతున్నాను. ఏడుస్తున్న బిడ్డలతో పాటు, ఏడవని బిడ్డల్ని కూడా నాకు చూపించమని.